నాలుగు పిడికిళ్లు

అమ్మ బైబిలు అట్టకు
ఆసుపత్రి దుప్పటి గుడ్డ కుట్టి ఉంటుంది.
మూలన నీలం దారంతో వార్డు నంబరు, ఆరు.
ప్రసవాల వార్డు.
ముప్పై ఒక్క ఏళ్లు అక్కడే ఆయా.

గుణుపురంలో ఆమెను యునీకమ్మ అన్నవాళ్లు
మా సంఘంలో ఇరవై ఇళ్లవాళ్లే.
మిగతా ఊరికంతా ఉనికా మావుసి.
రేషను కార్డు మీద ఒడియా గుండ్రాల్లో
ఆ మాటే ఉండేది.
బడిలో కొత్తగా ఒడియా నేర్చిన నేను
కూడబలుక్కుని "ఉనికి" అని చదివాను.
"ఏదో ఒకటిలే, బియ్యమిస్తే చాలు" అని నవ్వింది.

కొండల మీంచి సవర ఆడవాళ్లు
నొప్పులతో, రాత్రిపూట, డోలీలో వచ్చేవారు.
తన పుస్తకంలో "భయపడకుము" అని ఉన్నదాన్ని
వాళ్ల చెవిలో "డొరొ నా, డొరొ నా" అని
తర్జుమా చేసేది.
ఎన్నో అధ్యాయమో, ఎన్నో వచనమో చెప్పేది కాదు.
ఇంటికొచ్చి మాకు అన్నం కలిపేది,
ముద్దలో డెట్టాలు వాసన.
ఇప్పటికీ ఆ వాసనకి నాకు ఆకలేస్తుంది.

తెల్లారగట్ల నాలుగింటికి,
నౌపడా పోయే చిన్నబండి ఇంజను ఇంకా దగ్గకముందే
గోనెపట్టా మీద మోకాళ్లు.
హాజరు పిలిచినట్టు పేర్లన్నీ పిలిచేది:
పదకొండేళ్లు మంచం దిగని నాయనమ్మ,
పాయింట్స్‌మన్ నాన్న, ఆయన సీసా,
ఆ రాత్రే పుట్టి ఇంకా పేరులేని పిల్ల.
దుప్పట్లో కళ్లు మూసుకుని
నా వంతు కోసం వినేదాన్ని.
నన్ను కొట్టిన రోజు
నా పేరు రెండుసార్లు వచ్చేది.

నాయనమ్మ ఆ దేవుణ్ణి ఎన్నడూ ఒప్పుకోలేదు.
వీపు పుండు మీద గుడ్డ మారుస్తూ
అమ్మ పాట ఎత్తుకోబోతే "ఆపవే" అనేది.
అమ్మ పాట ఆపేది.
గుడ్డ మార్చడం ఆపేది కాదు.

ఇక ఆ డబ్బా సంగతి.
ఎసట్లో బియ్యం పోసే ముందు
ఒక పిడికెడు తీసి పాలపొడి డబ్బాలో వేసేది.
ఆదివారం అది గుడికి పోవాలి,
ఇంట్లో ఉన్నవి రెండు గిద్దలైనా సరే.
"దేవుడికీ ఆకలేస్తాదేటి?" అన్నానొకసారి.
జవాబు లేదు.
ముగ్గురం పిల్లలం. నాలుగోది ఆ డబ్బా,
మాకంటే ముందు తినేది.
దాని మూత ఓసారి కాలవలో పారేశాను.
అమ్మ సత్తు పళ్లెం బోర్లించింది.

వంశధార పొంగి, పట్టాలు కొట్టుకుపోయి
నాన్న జీతం రాని నెల
ఏం తిన్నామో గుర్తులేదు.
తిన్నాం. అంతే గుర్తు.

మొన్న జ్ఞాపకార్థ కూడిక అయ్యాక,
షామియానా వాడికి కుర్చీలు లెక్కపెట్టి అప్పజెప్పాక
బైబిలు చివరి ఖాళీ పేజీ తెరిచాను.
మా పుట్టినరోజులు, పాలవాడి పద్దు,
నాన్న పోయిన తేదీ, పక్కన ఒక్క చుక్క.
ఆ కింద పెన్సిలుతో
"డబ్బాలోంచి తీసినవి, పిల్లలకు.
దేవుడికి బాకీ నాలుగు పిడికిళ్లు."
తీరినట్టు గీత లేదు.

మరిచే మనిషి కాదు,
పాలవాడి అర్ధరూపాయి కూడా కొట్టేసి ఉంది.
ఆయన దగ్గర ఒక్క అప్పైనా
ఉంచుకోవాలనుకుందేమో,
పొద్దున్నే వెళ్లి తలుపు తట్టడానికి ఒక పని.
నాకేం తెలుసు.

ఈ ఆదివారం బియ్యం సంచి ముందు కూర్చున్నాను.
బాకీ తీర్చాలంటే ఆమె కొలత కావాలి.
నాది కుర్చీ ఉద్యోగం చెయ్యి, మెత్తన.
వార్డులో సూది దిగినప్పట్నుంచి
అమ్మ చిటికెనవేలు వంగేది కాదు,
పిడికిట్లో ఎప్పుడూ ఓ సందు.

నాలుగు పోశాను.
తర్వాత నా చిటికెనవేలు చాపి
ఇంకోటి పోశాను.
సందులోంచి గింజలు నేల మీద పడ్డాయి.
వాటినీ ఏరాను.